ఇల్లు సరే, వాకిలి ఏది?

తెలుగువారు ఇల్లు అను మాటను ఒంటరిగా పలుకుట అరుదు. 'ఇల్లూ వాకిలీ' అని జంటగా చెప్పుటయే మన నుడికారము. నిలువ నీడలేని వానిని 'ఇల్లూ వాకిలీ లేనివాడు' అందురు. సర్వమును కోల్పోయినవాడు 'ఇల్లూ వాకిలీ పోగొట్టుకొన్నవాడు'. ఇల్లనగా నాలుగు గోడలు, ఒక పైకప్పు. వాకిలి యనగా ఆ గోడలు దాటి వచ్చిన మనిషికి మొదట ఎదురయ్యెడి బయలు. ముగ్గు పెట్టునది అక్కడ. పసిబిడ్డ తప్పటడుగులు వేయునది అక్కడ. ఇరుగు పొరుగులు పలకరించుకొనునది అక్కడ. ముదుసలి నులకమంచము వాల్చుకొని దారినపోవు వారి క్షేమ మడుగునది అక్కడ. ఈ రెండింటిని కలిపి ఒక్క పలుకుగా చేసిన పూర్వులకు నివాసమనగా ఏమో చక్కగా తెలియును.

నేడు పట్టణముల అంచులలో వెలయుచున్న కొత్త కాలనీలలో ఇల్లు ఉన్నది, వాకిలి కనబడదు. అయిదంతస్తులపై కాపురముండు గృహస్థునకు తలుపు తెరచినంతనే ఎదురగునది ఎదుటివారి తలుపు. ప్రతి యింటికిని వేరు వేరు వాకిలి నిచ్చుట నగరములలో సాధ్యము కాదని ఒప్పుకొనవలసినదే. అట్లయినచో అందరికిని కలిపి ఒక పెద్ద వాకిలి ఉండవలెను. పిల్లలు ఆడుకొను మైదానము, పెద్దలు నడచు తోట, నలుగురు కూర్చుండి పత్రిక చదువుకొను గది, పండుగనాడు పదుగురు చేరు చోటు: ఈ నాలుగును ఆ ఉమ్మడి వాకిలికి అంగములు. కొత్త ఇండ్లకు అనుమతి నిచ్చునపుడు ఈ వాకిలిని గూర్చి మన నియమము లేమి చెప్పుచున్నవి? చెప్పినది నేలమీద ఏ రూపము దాల్చుచున్నది?

పాత ఊరి బయలు

పల్లెలో ఆటస్థలమునకు నియమావళి అవసరము లేకపోయెను. చెరువుగట్టు, గుడి ముందరి బయలు, పశువుల మంద నిలుచు చోటు, సంక్రాంతి వేళకు కోతలు ముగిసిన వరిమడి, అన్నియు ఆటస్థలములే. చెడుగుడు ఆడుటకు కూతపెట్టు గొంతు, గీత గీయుటకు మడమ ఉన్న చాలును. బిళ్లంగోడునకు చెట్టుకొమ్మ విరిచిన చాలును. తొక్కుడుబిళ్లకు పెంకుముక్క, ఓమనగుంటలకు గుప్పెడు చింతగింజలు. రచ్చబండ పెద్దల సభామందిరము; తెలంగాణమున చెరువు ఒడ్డు బతుకమ్మకు వేదిక; ఉత్తరాంధ్రమున తాలింఖానా యువకుల వ్యాయామశాల.

ఆ బయలును తలచి మురిసిపోవుట మాత్రమే చాలదు. ఆ చోటులు అందరికి సమముగా దక్కినవని చెప్పుట సత్యము కాదు. కులము గీచిన గీతలు అక్కడను ఉండెను. ఈడేరిన ఆడపిల్ల ఆట ఇంటి అరుగుతోనే ముగిసెడిది. కనుక నేడు పట్టణమున కల్పించవలసిన బయలు పాత బయలునకు నకలుగా ఉండిన చాలదు. దానికంటె ఉదారముగా ఉండవలెను.

మరియొక భేదము కలదు. పల్లెలో నేల మిగులుగా ఉండుటచే బయలు తనంత తానే మిగిలినది. నగరమున ప్రతి చదరపు గజమునకు ధర యున్నది. పటముమీద ముందుగా గీచి, పేరు వ్రాసి, కంచె కట్టని చోటు అక్కడ నిలువదు. ఆటస్థలము ప్రణాళికలో భాగము కావలసి వచ్చినది ఇందువలననే.

ముందుచూపు గలవారు

ఈ సంగతి గ్రహించినవారు మన దేశమున చాలకాలము క్రిందటనే ఉండిరి. జంషెడ్జీ టాటా ఉక్కు కర్మాగారము నెలకొల్పదలచినపుడు, ఆ ఊరు ఇంకను పుట్టకమునుపే, 1902లో తన కుమారుడు దొరాబ్జీకి లేఖ వ్రాసెను. విశాలమైన వీధులు, నీడనిచ్చు చెట్లు, ఉద్యానములు ఉండవలెనని చెప్పి, ఫుట్‌బాలునకు, హాకీకి పెద్ద పెద్ద మైదానములు కేటాయింపుమని ఆ లేఖలో కోరెను. దేవాలయమునకు, మసీదునకు, చర్చికి చోటు చూపుమన్నదియు ఆ లేఖయే. కొలిమికి చోటు వెదకుచున్న దినములలోనే కార్మికుని బిడ్డ ఆటకు చోటు తలపునకు వచ్చుట గమనింపదగినది. ఆయన 1904లో గతించెను. తరువాత వెలసిన ఆ నగరమునకు 1919లో జంషెడ్‌పూరని ఆయన పేరే పెట్టిరి.

హైదరాబాదున 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తినది. ఆ విపత్తు పిమ్మట 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఇరుకు బస్తీలను తొలగించి, గాలి వెలుతురు సోకు ఇండ్లను కట్టించు పనిని అది చేపట్టినది. ఇంటి చుట్టునున్న ఖాళీ చోటు ఆరోగ్యమునకు సంబంధించినదని మన నగరపాలన అంగీకరించిన తొలి ఘట్టములలో అది యొకటి.

అమెరికాలో క్లారెన్స్ పెర్రీ 1929లో 'పొరుగు' అను భావమునకు కొలతలు కట్టెను. ఒక ప్రాథమిక పాఠశాలకు సరిపడు జనాభా, అనగా ఇంచుమించు 5,000 నుండి 6,000 మంది, ఒక పొరుగు. దాని వైశాల్యము సుమారు 160 ఎకరములు. నడుమ పాఠశాల, ఏ యింటినుండి బయలుదేరినను పాపాయి పెద్ద రహదారి దాటకుండ పావు మైలు నడకలో అక్కడకు చేరవలెను. ఆ నేలలో పదియవ వంతు ఆటకు, విశ్రాంతికి విడువవలెను. చండీగఢ్ నిర్మాణమున లె కొర్బూజియే గీచిన సెక్టారు 800 మీటర్ల వెడల్పు, 1,200 మీటర్ల పొడవు గలది. ఒక పచ్చని పట్టీ దాని మధ్యగా సాగి పొరుగు సెక్టారులోనికి పోవును. పాఠశాలలు, ఆటస్థలములు ఆ పట్టీలోనే అమర్చబడినవి. బడికి పోవు దారియే ఆటకు పోవు దారి యగునట్లు చేసిన ఏర్పాటిది.

పదియవ వంతు లెక్క

మన రెండు తెలుగు రాష్ట్రములలోను లేఅవుటు వేయువారు నేలలో పదింట ఒక వంతు బహిరంగ స్థలముగా విడువవలెనను నియమము చిరపరిచితమే. పెర్రీ చెప్పినదియు పదియవ వంతే. సంఖ్య ఒక్కటే, ఫలము మాత్రము వేరు. అది యెట్లో ఒక చిన్న లెక్కతో తెలియును.

పెర్రీ పొరుగున 160 ఎకరములలో పదియవ వంతు 16 ఎకరములు. ఫుట్‌బాలు మైదానము 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు కలది. ఎకరము ముప్పాతిక యనుకొనవచ్చును. పదునారు ఎకరములలో అట్టి మైదానము, దానికి తోడు కబడ్డీ, వాలీబాలు కోర్టులు, పిల్లల ఊయలలు, చెట్లనీడన బల్లలు, అన్నియు సుఖముగా ఇముడును. ఇప్పుడు అదే 160 ఎకరములను అయిదేసి ఎకరముల చొప్పున 32 మంది వేరు వేరుగా లేఅవుటులు వేసిరనుకొందము. ప్రతివాడును నియమము తప్పక అర ఎకరము విడిచెను. కూడిన యెడల మరల 16 ఎకరములే. కాని ఫుట్‌బాలు మైదానము ఒక్కటియు లేదు! ఎవడును నియమము నుల్లంఘింపలేదు. అయినను ఊరికి మైదానము దక్కలేదు. చట్టము కోరినది శాతమును. పిల్లవానికి కావలసినది స్థలము.

ఆ అర ఎకరమైనను ఒక్కచోట, చదునుగా ఉన్న మేలే. అర ఎకరమనగా రెండువేల చదరపు మీటర్లకు పైమాట. అందులో ఒక వాలీబాలు కోర్టు, ఒక కబడ్డీ కోర్టు, పసివారికొక మూల, చుట్టును నడకదారి అమర్చుకొనవచ్చును. కాని ప్లాటులు కోసిన పిమ్మట మిగిలిన ముక్కోణపు ముక్క, మురుగుకాలువ ఒడ్డు, విద్యుత్తు తీగల క్రింది చోటు బహిరంగ స్థలములుగా పటమున పచ్చరంగు పులుముకొనుట పలుచోట్ల కానవచ్చును. పటములో పచ్చదనము పరిపూర్ణము. నేలమీద పరుగుతీయ జాలిన చోటు శూన్యము.

భవనముల విషయమున 2012లో ఉమ్మడి రాష్ట్రమున వెలువడిన నియమావళి ఇందుకు మరియొక నిదర్శనము. 750 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలో అయిదు శాతము చిన్నపిల్లల ఆటకు, పచ్చదనమునకు విడువవలెనని అది శాసించినది. ఉద్దేశము మంచిదే. కాని ఆ చోటును ముక్కలుగా విడువవచ్చునని, ఒక్కొక్క ముక్క మూడు మీటర్ల వెడల్పు, 15 చదరపు మీటర్ల వైశాల్యము ఉన్న చాలునని కూడ అదే నియమము అనుమతించినది. పదునైదు చదరపు మీటర్లనగా మూడు మీటర్లకు అయిదు మీటర్లు. కారు ఒకటి నిలుపు చోటుకంటె కొంచెమే పెద్దది. బాడ్మింటన్ కోర్టునకు సుమారు 82, పురుషుల కబడ్డీ కోర్టునకు 130, వాలీబాలు కోర్టునకు 162 చదరపు మీటర్లు కావలెను. ఇవి గీతల లోపలి కొలతలు మాత్రమే. పదునైదు మీటర్లలో ఆడదగిన ఆట మన పూర్వులెరిగిన వానిలో ఓమనగుంటలు తప్ప వేరొండు లేదు.

ఇక బిడ్డలు వీధిలో ఆడవలసినదే. వీధిలో వాహనములు, ఇంటివారి కేకలు, కిటికీ అద్దముల తగవులు. 'అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు' అను సామెత ఇచ్చట అక్షరాల చెల్లును. మైదానము ఇయ్యము, వీధిలో ఆడనీయము, పిమ్మట పిల్లలు చేతిలోని ఫోను వదలరని వగతుము.

చిన్న ఇంటికి పెద్ద వాకిలి

నూరును, అంతకు మించిన ఇండ్లు గల సముదాయములలో నిర్మాణ వైశాల్యమున మూడు శాతమో, 50,000 చదరపుటడుగులో, ఏది తక్కువయో దానిని ఉమ్మడి సౌకర్యములకు వినియోగింపవలెనని ఆ 2012 నియమావళియే చెప్పినది. క్లబ్బు భవనములు, వ్యాయామశాలలు, శిశుసంరక్షణ గదులు ఈ నిబంధన క్రిందికి వచ్చును. కలవారి సముదాయములలో ఇవి వెలసినవి. ఈతకొలను కూడ వచ్చినది. ఇందులో తప్పేమియు లేదు. కాని అవి కాపలాదారుడు నిలిచిన ద్వారమునకు లోపల ఉన్నవి. ఆ ఇండ్లలో పనిచేయు స్త్రీ బిడ్డ ఆ ద్వారమునకు వెలుపల ఉన్నాడు.

చిత్రమేమనగా, ఇల్లు ఎంత చిన్నదైన వాకిలి అంత పెద్దది కావలెను. ఆంధ్రప్రదేశమున 2020లో పేదలకు ఇండ్ల స్థలములు పంచినపుడు గ్రామములలో సెంటున్నర, పట్టణములలో సెంటు చొప్పున ఇచ్చిరి. తరువాత వచ్చిన ప్రభుత్వము గ్రామములలో మూడు, పట్టణములలో రెండు సెంట్లు ఇత్తుమని ప్రకటించినది. సెంటనగా నలువది చదరపు మీటర్లు. అందులో వంటయిల్లు, పడకగది, స్నానపుగది పోను పిల్లవానికి మిగులునది గడప. తెలంగాణమున కొల్లూరు వద్ద 2023లో ప్రారంభమైన రెండు పడకగదుల ఇండ్ల సముదాయమున 15,660 ఇండ్లు. ఒక్కొక్కటి 560 చదరపుటడుగులు. ఇంటికి నలుగురు చొప్పున లెక్కించినను అరువది రెండు వేలకు పైబడిన జనము. అది ఒక పట్టణమే.

అట్టి జనాభాకు ఎంత చోటు కావలెనో చెప్పు ప్రమాణములు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వము 2014లో వెలువరించిన పట్టణ ప్రణాళికా మార్గదర్శకములు ప్రతి 5,000 మందికి అర హెక్టారు ఆటస్థలము, ప్రతి 15,000 మందికి ఒకటిన్నర హెక్టారు ఆటస్థలము, లక్షమందికి ఎనిమిది హెక్టారుల క్రీడాకేంద్రము ఉండవలెనని సూచించినవి. ఈ లెక్కన అరువది వేల మందికి చిన్న ఆటస్థలములు పండ్రెండు, పెద్దవి నాలుగు. మొత్తము పండ్రెండు హెక్టారులు, అనగా ముప్పది ఎకరములకు కొంచెము తక్కువ. ఉద్యానములు దీనికి అదనము. ఇవి మార్గదర్శకములే గాని శాసనము కావు. పేదల ఇండ్లను తలపెట్టు ప్రతి ప్రభుత్వమును ఇండ్ల సంఖ్యతో పాటు ఈ ఎకరముల సంఖ్యను కూడ ప్రకటించినచో, చదువరులకు ఏది ఇల్లో, ఏది గూడో తెలియును.

చోటున్నను అది ఎవరిదను ప్రశ్న మిగులును. సాయంకాలము మైదానమంతయు యువకుల క్రికెట్టు ఆక్రమించినచో ఆడపిల్లలకు అంచులే గతి. దీపము లేని తోట చీకటి పడగానే స్త్రీలకు మూతబడినట్లే. పాయిఖానా లేని మైదానమున బాలికలు గంటసేపు నిలువజాలరు. ముదుసలికి ఆట అక్కరలేదు. నూరడుగులకొక బల్ల, కాలుజారని దారి, మాటాడు తోడు చాలును. అవి లేనినాడు కాలనీ వృద్ధుని పరిస్థితి 'ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది' అన్నట్లే యగును. బల్ల, దీపము, నీరు, పాయిఖానా: నాలుగును స్వల్ప వ్యయముతో అమరునవే. పటములో వీనికి చోటు చూపనందుననే మైదానము సగము జనమునకు దూరమగుచున్నది.

కంచె ఎవరిది, కాపెవరిది?

విడిచిన చోటు నిలుచునన్న నమ్మకమును లేదు. బెంగళూరు రాజమహల్ విలాస్ విస్తరణమున ఉద్యానమునకని ప్రణాళికలో కేటాయించిన స్థలమును ప్రైవేటు వైద్యశాలకు ఇచ్చివేయగా, అచ్చటి నివాసులు న్యాయస్థానమునకు పోయిరి. 1991 జూలైలో సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పినది. ఉద్యానము ప్రజలందరిదని, దానిని ప్రైవేటు అవసరమునకు మార్చు అధికారము పాలకులకు లేదని, అట్టి అక్రమమును ప్రశ్నించు హక్కు ఆ చోట నివసించువారికి కలదని ఆ తీర్పు సారాంశము. వైద్యశాల మంచిదే కదా యను వాదము అక్కడ నిలువలేదు. ఒక మంచి పని మరియొక మంచి పనికి విడిచిన చోటును కాజేయుటకు అనుమతిపత్రము కాజాలదు. ఈ వాదము మన ఊళ్లలో నిత్యము వినబడునదే: నీళ్లట్యాంకు మంచిదే, కార్యాలయము మంచిదే, గుడి మంచిదే. ఒక్కొక్క మంచి వచ్చి ఒక్కొక్క మూల నాక్రమింపగా మైదానము కరగిపోవును.

1992లో ఆమోదము పొందిన రాజ్యాంగపు 74వ సవరణ పురపాలక సంస్థలకు అప్పగింపదగిన పనుల పట్టికలో ఉద్యానములను, తోటలను, ఆటస్థలములను పేరుపెట్టి చేర్చినది. హైదరాబాదున చెరువులను, ఉద్యానములను, ప్రభుత్వస్థలములను ఆక్రమణల నుండి కాపాడుటకు 2024 జూలైలో హైడ్రా అను ప్రత్యేక సంస్థయే ఏర్పడవలసి వచ్చినది. ఆక్రమించిన పిమ్మట కూల్చుట కష్టము, ఖర్చు, కన్నీరు. ఇల్లు అమ్మకమునకు పెట్టకమునుపే మైదానమునకు కంచె కట్టి పురపాలక సంఘమునకు దస్తావేజు వ్రాసియిచ్చుట సులభము. ముందు మైదానము, వెనుక ఇల్లు అను క్రమము పాటించినచో తగవులలో పెక్కు పుట్టనే పుట్టవు.

కాపుదల కొక దారిని మన గ్రంథాలయోద్యమమే చూపినది. చందాలతోను, దాతల ఔదార్యముతోను మొదలైన ఆ ఉద్యమము తుదకు శాసనమైనది. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలు చేయుట ఏర్పడినది. పుస్తకము చదువుట వ్యక్తిగతమైన సరదా యని చట్టము త్రోసివేయలేదు. ఊరంతయు కలిసి భరింపవలసిన బాధ్యతగా భావించినది. ఆటస్థలము విషయమున అదే న్యాయము ఏల చెల్లకూడదు? ఇంటిపన్నులో కొద్ది పైసలు ఆ వార్డు ఆటస్థలమునకే వ్యయమగునట్లు ప్రత్యేకించినచో, గడ్డి కోయుటకు, దీపము మార్చుటకు, నెట్టు కట్టుటకు ఎవరి దయకును ఎదురుచూడ నక్కరలేదు. వసూలైన సొమ్ము ఆ పనికే చేరునట్లు చూచుట మాత్రము అవసరము. గ్రంథాలయములు నేర్పిన పాఠములలో అదియు ఒకటి.

చేయవలసినది

అనుమతి నిచ్చు అధికారి పట్టిక ముందు పెట్టుకొని, శాతము సరిపోయినదా యని మాత్రమే చూచుచున్నాడు. మరి నాలుగు ప్రశ్నలు ఆ పట్టికలో చేరవలెను. ఈ చోటులో ఏ ఆట ఆడవచ్చును? అత్యంత దూరపు ఇంటినుండి పాపాయి పెద్ద దారి దాటకుండ రాగలదా? ద్వారము ఎవరికి తెరచియుండును? పదేండ్ల పిమ్మట దీనిని కాపాడువారెవరు? నాలుగింటికి సమాధానము లేని పటము తిరిగి పోవలెను.

చిన్న లేఅవుటులు విడిచెడి అర ఎకరములను కలిపి ఒకచోట పేర్చు బాధ్యత ప్రణాళికా సంస్థ వహింపవలెను. ఇరువదిమంది యజమానులు ఇయ్యవలసిన వంతులో సగము తమ తమ లేఅవుటులలో పసివారికి, వృద్ధులకు ఉంచి, తక్కిన సగమునకు బదులు నేలనో, సొమ్మునో ఇచ్చినచో, ఆ ప్రాంతమునకంతకు ఒక పెద్ద మైదానము సమకూరును. దానిని ప్రభుత్వ పాఠశాల ప్రక్కన అమర్చినచో పగలు బడికి, సాయంకాలము ఊరికి ఉపకరించును. పాఠశాలకు మైదానము, మైదానమునకు కాపు, రెండును ఒక్కసారిగా లభించును. ఇప్పటికే ఉన్న బడి మైదానముల తాళములు సాయంకాలము తీయించుటకు కొత్త నేల అవసరమే లేదు. ఒక ఉత్తరువు, ఒక కాపలాదారు జీతము చాలును.

ఇండ్లు కొనువారు కూడ ఒక అలవాటు చేసికొనవలెను. పడకగదులెన్ని, వంటగది ఏ దిక్కున, సింహద్వారము తూర్పునకేనా యని విచారించువారు, ఈ కాలనీ పిల్లలు ఆడునదెచ్చట యని అడుగుట లేదు. అమ్మువాడు తన పత్రమున పచ్చరంగుతో చూపిన చోటును కాలినడకన పోయి చూచి వచ్చినవారు ఎందరు? వాస్తు చూపించుకొను శ్రద్ధలో పదియవ వంతు దీనిపై చూపినను, పటములు తమంత తామే మారును.

ఇల్లు ఒకరి సొత్తు. వాకిలి అట్లు కాదు. అది ఇంటివాడు ఊరికి విడిచిన చోటు, ఊరు ఇంటివానికి విడిచిన చోటు. దానిని గజములలో కొలిచి అమ్ముకొనినచో మిగులునది చిరునామాలు మాత్రమే. ఇప్పుడు లేఅవుటు గీచుచున్న చోట ఇంకను నేల ఖాళీగానే ఉన్నది. రాళ్లు పాతకమునుపే మైదానమునకు గీత గీయవచ్చును. రాళ్లు పాతి, రిజిస్ట్రేషను ముగిసి, పునాదులు లేచిన పిదప ఏ తరమునకును ఆ అవకాశము తిరిగి రాదు.